రాయదుర్గం అర్జీలో అరబ్బీ

రాయదుర్గం వెళ్తున్నానంటే హైదరాబాదులో ఉన్న మావాళ్ళు "దానికేముంది, మెట్రో ఎక్కు" అన్నారు. వాళ్ళకు తెలిసిన రాయదుర్గం అద్దాల మేడల నడుమ మెట్రో రైలు ఆఖరి స్టేషను. నేను చెప్పేది అసలు రాయదుర్గం. అనంతపురం జిల్లాకు పడమటి అంచున, కర్ణాటకను ఆనుకుని ఉన్న ఊరు. బళ్ళారి యాభై కిలోమీటర్లు. జిల్లా కేంద్రం అనంతపురం దానికి దాదాపు రెట్టింపు దూరం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఇది బళ్ళారి జిల్లాలోనే ఉండేది. ఇప్పటికీ టీ అంగట్లో ఒక మాట తెలుగు, ఒక మాట కన్నడం.

ఊరి మీదికి ఒరిగినట్టు కొండ. కొండ నిండా ఏనుగులంత గుండ్లు. వాటి మధ్య పాలెగాళ్ళు కట్టిన కోట గోడలు. కింద బజార్లో నడుస్తుంటే కుట్టు మిషన్ల చప్పుడు. రెడీమేడ్ బట్టలు కుట్టే ఊరిది. ఊరు దాటితే ఎర్ర నేల, వేరుశనగ చేలు, అటు కణేకల్లు వైపు పోతే హగరి ఒడ్డున నిజంగానే ఎడారిలా పేరుకున్న ఇసుక దిబ్బలు. ఈ జిల్లాకు ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి. ఈశాన్యం వాన ఇక్కడిదాకా వచ్చేసరికి వట్టిపోతుంది. ఆ మిగిలిన తడిని నమ్ముకుని జనం సేద్యం చేస్తారు, గొర్రెలు మేపుతారు.

అలాంటి ఊరికి నేను అరబ్బీ కోసం వెళ్ళానంటే నవ్వుతారేమో. అరబ్బీ నేర్చుకోవాలంటే హైదరాబాదులో 1888 నుంచి అరబ్బీ గ్రంథాలు అచ్చు వేస్తున్న దాయిరతుల్ మారిఫ్ ఉంది, యెమెన్ నుంచి వచ్చిన అరబ్బు సిపాయిల వారసులుండే బార్కస్ ఉంది. కాదనను. కానీ ఆ భాష వ్యాకరణం మన మాటల్లో ఎంత లోతుగా దిగిందో చూడాలంటే మాత్రం ఏదైనా ఒక ప్రభుత్వ కార్యాలయం ముందు, వేపచెట్టు కింద కూర్చుని అర్జీలు రాసేవాడి పక్కన ఒక పూట కూర్చోవాలి. రాయదుర్గంలో నేను చేసింది అదే.

ముందుగా పై పేరాలో వాడిన ఒక మాట సంగతి చెప్పాలి. 'అసలు రాయదుర్గం' అన్నాను కదా, ఆ 'అసలు' అరబ్బీ. దానికి అక్కడ అర్థం మూలం, చెట్టు వేరు. అరబ్బీ వ్యాకరణమంతా ఈ వేరు మీదే నిలబడి ఉంటుంది. మన సంస్కృత పండితులు ధాతువు అంటారే, అలాంటిది. అయితే అరబ్బీ ధాతువు నోటితో పలికే మాట కాదు. ఉత్త హల్లులు, ఎక్కువగా మూడు. క-త-బ అన్న మూడు హల్లులున్నాయనుకోండి, వాటిలో రాయడం అనే భావం దాగి ఉంటుంది. మధ్యలో అచ్చులు పోసేకొద్దీ మాటలు పుడతాయి. కితాబ్ అంటే పుస్తకం. కాతిబ్ అంటే రాసేవాడు. మక్తూబ్ అంటే రాయబడినది. మక్తబ్ అంటే రాత నేర్చే చోటు. హల్లులు కదలవు, అచ్చులు మారుతుంటాయి. మగ్గం మీద పడుగు అలాగే ఉండి పేక రంగు మార్చినట్టు.

పోత పోసే అచ్చులకు కూడా లెక్క ఉంది. 'కాతిబ్'లో ముందు ఆ, తర్వాత ఇ వచ్చాయి. ఆ అచ్చులో ఏ ధాతువును పోసినా 'చేసేవాడు, అయి ఉన్నది' అన్న అర్థమొస్తుంది. ఇప్పుడు ఈ తెలుగు మాటలు పైకి అనుకోండి: హాజరు, బాకీ, ఖాళీ, రాజీ, కాజీ. అరబ్బీలో హాదిర్, బాకీ, ఖాలీ, రాదీ, కాదీ. అన్నీ ఒకే మూసలో పోసినవి. అలాగే 'మక్తూబ్' మూసలోవి: మామూలు, మంజూరు, మహసూలు. మామూలు అంటే 'చేయబడుతూ ఉండేది'. ఆఫీసు మామూళ్ళకు కూడా అర్థం అదే గదా! మంజూరు అంటే 'చూడబడినది'. నజరు అన్న మాటా ఆ వేరుదే. మీ దరఖాస్తు మంజూరైందంటే, అరబ్బీ ప్రకారం, ఎవరో దాన్ని చూశారని మాత్రమే. డబ్బులెప్పుడొస్తాయో ఆ మాటలో లేదు.

ఈ మాటలు నేరుగా అరేబియా నుంచి రాలేదు. అరబ్బీ నుంచి ఫారసీలోకి, ఫారసీ నుంచి దక్కనీ, మరాఠీల్లోకి, అక్కడినుంచి గుర్రాల మీద మనదాకా వచ్చాయి. ఈ సీమను విజయనగరం తర్వాత బిజాపూరు సుల్తానులు ఏలారు, మొగలాయీలు ఏలారు, హైదరూ టిప్పూ ఏలారు. 1799లో టిప్పు పోయాక నిజాముకు దక్కింది. 1800లో నిజాం దీన్ని కుంపిణీకి దత్తమిచ్చాడు. రాజులు మారారు గానీ లెక్కలు రాసే మాటలు మారలేదు. కుంపిణీ తరఫున వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ కలెక్టరుగా ఉండి, తిరిగి తిరిగి పొలాలు కొలిపించి ఆ మాటలతోనే రైత్వారీ కట్టాడు. కడపలో పనిచేసిన సి.పి. బ్రౌను ఇలాంటి మాటల కోసం 1854లో ప్రత్యేకంగా మిశ్రభాషా నిఘంటువే అచ్చేశాడు. అంటే తెలుగు ఇంట్లో వాటికి వేరు గది ఇచ్చాడన్నమాట. అవి ఎప్పుడో నట్టింట్లోకి వచ్చేశాయి.

వేపచెట్టు కింద నా పక్కనున్న అర్జీ రాసేవాడు తెల్లకాగితం మీద ఎడమ పక్క మార్జిను మడిచి రాస్తున్నాడు. ఫసలీ ఫలానా, భూమి తపశీలు ఫలానా, తమరు విచారించి ఫైసలా చేయవలెనని. నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఒక్క అర్జీలో మూడు మాటలు, మూడింటికీ ఒకటే వేరు: ఫ-స-ల. దాని అర్థం విడదీయడం. కాలాన్ని విడదీస్తే ఫసల్, అంటే రుతువు, పంటకాలం. అక్బరు కాలంలో పంటను బట్టి లెక్కించే సంవత్సరానికి ఫసలీ అని పేరొచ్చింది. చాంద్రమానపు హిజ్రీ ఏడాది పంటలతో పొసగదు కాబట్టి. మన దగ్గర అది జూలైలో మొదలవుతుంది. 2025 జూలై నుంచి 1435 ఫసలీ. ఇక ఒక విషయాన్ని ముక్కలుగా విడదీసి చెబితే తఫ్సీల్, అదే మన తపశీలు. నిజాన్నీ అబద్ధాన్నీ విడదీస్తే ఫైసలా. పంటా, వివరమూ, తీర్పూ ఒకే కొడవలికి తెగినవి. ఇది ఏ కవీ కూర్చుని అల్లింది కాదు. ఆ భాష స్వభావమే అంత.

శబ్దం సంగతికొస్తే అరబ్బీ ఒక గొంతు సంగీతం. ఎనిమిదో శతాబ్దంలో బస్రా పట్టణంలో ఖలీల్ అనే పండితుడు అరబ్బీకి తొలి నిఘంటువు కట్టాడు. అక్షరాలను ఏ వరుసలో పెట్టాలని ఆలోచించి, గొంతులో అన్నిటికంటే లోతుగా పుట్టే 'ఐన్'తో మొదలుపెట్టి పెదవుల దాకా వచ్చాడు. పుస్తకానికి పేరు కూడా ఐన్ అనే పెట్టాడు. మన వర్ణమాల కంఠ్యాలతో మొదలై పవర్గానికి చేరినట్టే! ఆ ఐన్ మనదాకా రాలేదు. అమలు, అర్జీ, జమ, తాలూకా అన్నిట్లోనూ అది ఉండాలి, దారిలోనే జారిపోయింది.

జారిపోయినదాంట్లో ఇంకోటి 'దాద్'. మన ద, డ రెండింటినీ కలిపి గొంతు లావు చేసి పలికినట్టుంటుంది. అది తమ భాషకే సొంతమని అరబ్బులకు ఎంత గర్వమంటే, అరబ్బీని 'దాద్ భాష' అని పిలుచుకుంటారు. ఫారసీవాళ్ళకు అది నోరు తిరగక ఈల వేసినట్టు మెత్తగా మార్చుకున్నారు. ఆ మెత్తనిదీ మనకు లేదు కాబట్టి మనం 'జ' అన్నాం. అర్జీలో జ, హాజరులో జ, రాజీలో జ, జప్తులో జ, జిల్లాలో జ, అన్నీ ఆ దాదే. అరబ్బీలో 'దిల్' చివర ఐన్ పెట్టి పలికితే పక్కటెముక. మన జిల్లా అదే. అనంతపురం జిల్లా ఎండిన పక్కటెముకలా ఉంటుందని నేనంటే బాగుండదు గానీ, మే నెలలో కొండెక్కి చూస్తే ఆ మాటే గుర్తొస్తుంది.

పోగొట్టుకున్నవి ఉన్నట్టే తెలియకుండా దొరికినవీ ఉన్నాయి. ఊళ్ళో పిల్లలకు అరబ్బీ పాఠాలు చెప్పే పెద్దాయన ఒకరితో టీ తాగాను. మౌల్వీసాబ్ అనే పిలిచాను. "మీ తెలుగోళ్ళు హక్కు అంటారు గదా, మా ఉర్దూలో హక్. వ్యాకరణం ప్రకారం మీదే కరెక్టు" అని నవ్వాడాయన. నిజమే. శుద్ధమైన అరబ్బీలో కర్తగా వాడిన నామానికి చివర ఉకారం వస్తుంది. అల్-హక్కు, అల్-జవాబు, అల్-కితాబు. ఫారసీ, ఉర్దూలు ఆ ఉకారాన్ని కత్తిరించేశాయి. హల్లుతో మాట ఆపడం ఇష్టంలేని తెలుగు, తన అలవాటు కొద్దీ మళ్ళీ తగిలించింది. కాకతాళీయమే. అయినా రాయదుర్గం సంతలో "జవాబు చెప్పు" అనేవాడి నోట అరబ్బీ ప్రథమా విభక్తి వినబడుతుందంటే ముచ్చటగా లేదూ?

హక్కు అంటే అరబ్బీలో సత్యం అని కూడా అర్థం. అల్-హక్ దేవుడి 99 నామాల్లో ఒకటి. వకీలు అంటే భారం అప్పగించదగినవాడు. అదీ దేవుడి పేరే. అల్-బాకీ అంటే ఎప్పటికీ మిగిలి ఉండేవాడు. ఇది కూడా ఆయన పేరే. ఈ సంగతి మౌల్వీసాబ్ చెబుతుంటే, బెంచీ కొసన కూర్చుని వింటున్న రైతు ఒకాయన అందుకున్నాడు. "మా బాకీ కూడా అంతే సామీ, ఎప్పటికీ ఉంటాది."

ఆయన పక్కనున్న కుర్రాడు కువైట్లో నాలుగేళ్ళు డ్రైవరుగా చేసి వచ్చాడట. కదిరి, రాయచోటి వైపు నుంచి కువైటుకు పోయినంతమంది ఇటునుంచి పోరు గానీ ఇక్కడా ఉన్నారు. "మాఫీ అంటే ఆడ ఏందో తెలుసా సార్? లేదు అని. నీళ్ళు మాఫీ అంటే నీళ్ళు లేవు. నేను వచ్చినాక ఈడ రుణమాఫీ అంటాంటే నాకు నవ్వొచ్చేది." మన మాఫీ క్షమించడం అనే వేరు నుంచి వచ్చింది, వాళ్ళది 'మా ఫీ', రెండు వేర్వేరు. ఈ తేడా నేను చెప్పబోయేలోగా అందరూ ఒకటే నవ్వు. ఊరుకున్నాను.

చిలుకూరి నారాయణరావుగారి పేరు ఇక్కడ తలుచుకోకపోతే తప్పు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అనంతపురం కాలేజీలో తెలుగు చెప్పిన పండితుడు. ఆంధ్రభాషా చరిత్రం రాశాడు. 1928 నంద్యాల సభలో ఈ దత్తమండలాలకు రాయలసీమ అన్న పేరు సూచించింది ఆయనే. ఖురానును తొలిసారి తెలుగులోకి తెచ్చిందీ ఆయనే. ఈ సీమకు పేరు పెట్టిన చేత్తోనే అరబ్బీ గ్రంథాన్ని తెలుగు చేయడం ఇక్కడి జనానికి వింతగా అనిపించదు. మొహర్రంలో గూగూడు కుళ్ళాయిస్వామికి చేరే జనంలో ఎక్కువమంది హిందువులే. పల్లెల్లో హుసేనప్పలు, ఫకీరప్పలు బోలెడు. హసన్ అంటే అందమైనవాడు. అదే మాటను ముద్దుగా చిన్నది చేసే అరబ్బీ మూసలో పోస్తే హుసేన్. చిన్ని అందగాడు. దానికి మన 'అప్ప' తగిలిస్తే హుసేనప్ప. రెండు భాషల ముద్దు ఒకే పేరులో.

సరే, నన్ను ఇక్కడిదాకా లాక్కొచ్చిన మాట దగ్గరికొస్తాను. రైతు.

ఇంతకంటే తెలుగు మాట ఉంటుందా అనిపిస్తుంది. కాదు, అరబ్బీ. ర-ఐన్-య అన్న వేరు, అర్థం మేపడం, కాపు కాయడం. రాయీ అంటే కాపరి. మర్ఆ అంటే మేతబీడు. రఇయ్యత్ అంటే మేపబడే మంద. ఆ తర్వాత రాజు కాపరి, జనం మంద అన్న పోలిక మీద రఇయ్యత్ అంటే ప్రజలయ్యారు. పన్ను కట్టే ప్రజలు సేద్యగాళ్ళే కాబట్టి చివరికి రైతయ్యాడు. ఆ మాటకు ముందు మనకు మాటల్లేక కాదు. సేద్యగాడు ఉంది, కాపు ఉంది. కాపు కూడా కాచు నుంచి వచ్చిందే, కాపరి అన్నట్టే. చూశారా చిత్రం! రెండు భాషలూ కాపలా దగ్గరే మొదలయ్యాయి. తెలుగులో సేద్యగాడు కాచేవాడు. అరబ్బీ కాగితం మీదికి ఎక్కేసరికి కాయబడేవాడయ్యాడు.

కాస్త గమనిస్తే చేలో ఉన్నంతసేపూ మాటలు తెలుగే: వాన, పదును, గుంటక, విత్తు, కలుపు, నూర్పిడి. కరువుకు కూడా మనం ఎవరి దగ్గరా మాట అప్పు తెచ్చుకోలేదు. పంట కాగితం మీదికి రాగానే అరబ్బీ మొదలవుతుంది. ఖరీఫ్, రబీ, వసూలు, బాకీ, జప్తు. పేరున్న పెద్ద రైతును 'మోతుబరి ఆసామి' అంటాం. అదీ మొత్తం అరబ్బీ. మోతుబరి అంటే నమ్మదగినవాడు. ఆసామి అసలు మనిషే కాదు, 'పేర్లు' అనే బహువచనం. లెక్కల పుస్తకంలో పేర్ల పట్టీ ఉంటుంది కదా, అది. పట్టీలో పేరున్నవాడే మనిషి!

అరబ్బీకి దున్నేవాడికి మాట లేదా అంటే ఉంది. ఫల్లాహ్. ఫ-ల-హ, నేలను చీల్చడం. అదే వేరు నుంచి ఫలాహ్ వచ్చింది, అంటే శుభం, సాఫల్యం. నేలను చీల్చినవాడికే శుభం అనుకున్నారేమో ఆ పాతకాలపు అరబ్బులు. ఈ ఫలాహ్ అన్న మాట అజాలో ఉంటుంది. మసీదు మైకులోంచి రోజుకు ఐదుసార్లు రాయదుర్గం మీదుగా పోతుంది. మౌల్వీసాబ్‌తో ఈ సంగతి అన్నాను. ఆయన కాసేపు గ్లాసు పట్టుకుని ఆలోచించి, "దున్నేవాడి మాట మసీదులోంచి వస్తే, మందలోవాడి మాట కచేరీలోంచి వచ్చిందన్నమాట" అన్నాడు. నేను రెండు పేజీల్లో చెప్పలేనిది.

బాకీ జోకు వేసిన రైతు అప్పుడు తన సంగతి చెప్పాడు. వేపచెట్టు కింద అర్జీ రాయించుకున్నది ఆయనేనట.

"ఐదెకరాలు కౌలుకు చేస్తాండా సార్. సెనక్కాయ ఏసినా. వాన రాలే, పోయె. నష్టం లెక్క రాసుకున్యారు గానీ పేరు భూమి గలాయనది. దుడ్డు పడితే ఆయనకే పడుతుంది."

"కాగితం రాసుకోలేదా?"

"కాగితం యాడిది సార్! నోటి మాటే."

కౌలు. అరబ్బీలో కౌల్. అర్థం: మాట. నోటితో అన్నది. క-వ-ల అన్న వేరు. మధ్యలో వ ఒకచోట వినబడి ఒకచోట మాయమవుతుంది కాబట్టి అరబ్బీ వ్యాకరణం ఇలాంటి ధాతువును 'బోలుది' అంటుంది, లోపల డొల్ల అని. ఖవ్వాలీ ఈ వేరు నుంచే పుట్టింది. పాతరోజుల్లో పాలకుడు "నువ్వు సాగు చేసుకో, ఇంతకంటే అడగను" అని ఇచ్చిన మాట కౌలు. అది కాగితం మీద రాస్తే కౌలునామా. కుంపిణీ దొరలూ కౌలిచ్చారు. రెండు వందల ఏళ్ళు గడిచాయి, కౌలు మళ్ళీ దాని అరబ్బీ అర్థానికే వచ్చి చేరింది. ఉత్త మాట.

చట్టాలు లేకపోలేదు. 2011లో కౌలుదార్లకు రుణ అర్హత కార్డులన్నారు. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చి పదకొండు నెలల కార్డు అన్నారు. అందులో భూమి యజమాని సంతకం ఉండాలి. సంతకం పెడితే భూమి ఎక్కడ పోతుందోనని యజమానికి భయం. అడిగితే వచ్చే ఏడు కౌలే పోతుందని ఈయనకు భయం. రైతు అంటే మందలోవాడు, పోనీ, మందలోనైనా లెక్క ఉంటుంది. కౌలు రైతు ఆ లెక్కలోనూ లేడు. పట్టీలో పేరు లేదు కాబట్టి ఆసామి కాదు. ఈ మాటకు నాకు కోపం వచ్చిందని దాచుకోను.

అర్జీ ఇచ్చి వచ్చాక ఆయన నన్ను చేనుకు తీసుకుపోయాడు. ఊరికి నాలుగు మైళ్ళు. ఎండిన వేరుశనగ కట్టెను గొర్రెలు మేస్తున్నాయి. ఎరువు కోసం ఆ రాత్రికి చేలోనే మంద పెట్టిస్తున్నాడు. కంబళి కప్పుకున్న కాపరి కుక్కకు రొట్టె ముక్క వేస్తున్నాడు. ఈ భూమి తనది కాకపోయినా ఎరువుకు డబ్బు ఎందుకు పెడుతున్నావని అడగబోయాను. ఇంతలో ఆయన ఫోను మోగింది. బెంగుళూరులో ఉండే భూమి గలాయన. మాట్లాడి పెట్టేశాడు.

"ఏమన్నాడు?"

"ఖరీఫ్‌కు కూడా నన్నే చేసుకోమన్యాడు."

"అర్జీ సంగతి చెప్పలేదా?"

"మాట ఇచ్చినాడు గదా సార్, యాల కదిలించల్ల" అని మంద చుట్టూ ఒకసారి చూసుకుని, "విత్తనం సెనక్కాయలకు దుడ్డు యాడ తేవల్లో అది చూడల్ల ముందు" అన్నాడు.